కిటికీ తెల్లగా పోతే ఫిల్మ్‌కి మారక్కర్లేదు

మధ్యాహ్నం గదిలో వీడియో తీస్తే కిటికీ అంతా తెల్లగా పోయిందని, ముఖాలు చప్పగా వచ్చాయని, 16 ఎంఎం ఫిల్మ్‌కి మారితే బాగుపడుతుందా అని అడిగారు. కొంత బాగుపడుతుంది, కానీ ఇప్పుడే వద్దు. 100 అడుగుల రోల్ సెకనుకు 24 ఫ్రేముల వేగంలో మూడు నిమిషాలు కూడా రాదు. డెవలపింగ్, స్కానింగ్ ఖర్చు వేరే.

ఫిల్మ్ నెగటివ్ ఎక్కువ వెలుగును బాగా ఓర్చుకుంటుంది, నీడల్లో వెలుగు తక్కువైతేనే దానికి ఇబ్బంది. వీడియో దీనికి ఉల్టా. కెమెరా సెన్సర్ ఒకసారి వెలుగుతో నిండిపోతే అక్కడ వివరం పోయినట్టే, తర్వాత రంగు, వెలుగు సరిచేసే గ్రేడింగ్‌లో ఎంత గింజుకున్నా తిరిగి రాదు. అందుకే వెలుగు ఎక్కువైన చోట తెర మీద చారలు చూపించే జీబ్రా ఆన్ చేసి, ముందు కిటికీ తెల్లగా పోకుండా ఎక్స్‌పోజర్ పెట్టండి. ముఖం చీకటైతే ఐరిస్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) తెరవకుండా ముఖం మీద లైటు పెంచండి. మీ లైటుకి అంత శక్తి లేకపోతే కిటికీ అద్దానికి బయటి నుంచి ఎన్‌డీ జెల్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే పల్చటి షీటు) అంటించండి, ముడతలు లేకుండా.

ముఖాలు చప్పగా ఉన్నాయంటే లైటు కెమెరా పక్కనే పెట్టి ఉంటారు. దాన్ని కిటికీ ఉన్న వైపుకే జరిపి, ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టండి. రెండో వైపు వెలుగు తిరిగి ముఖం మీద పడాలని అలవాటుగా థర్మాకోల్ పెట్టేస్తాం కదా, ఈసారి నల్లగుడ్డ పెట్టి చూడండి. చెంప మీద నీడ నిలబడుతుంది.

గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే ఆపేయండి. తప్పదంటే షటర్ 1/50 సెకను దగ్గర ఉంచండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్లికర్ (వెలుగు మిణుకుమిణుకుమనడం) రాదు.