టెస్టులన్నీ పాసయ్యాయి, మొదటి పైథాన్ ప్యాకేజీని పైపీఐలో పెట్టే ముందు ఇంకేం చూసుకోవాలి?

మీ టెస్టులు పాసైంది మీ ఫోల్డర్‌లో ఉన్న కోడ్ మీద. జనం పైపీఐ (పైథాన్ ప్యాకేజీలన్నీ ఉండే ఆన్‌లైన్ గిడ్డంగి) నుంచి పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో దించుకునేది వీల్ ఫైల్‌ని, అంటే ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా కట్టిన ప్యాకేజీని. తెలుగు పదాల జాబితా మీద నడిచే ఒక చిన్న లైబ్రరీని నేను చూసుకుంటున్నాను. రిలీజ్ ముందు నాకు దొరికే తప్పులు ఎక్కువగా ఈ రెండింటి తేడా వల్ల వచ్చేవే.

అందుకే బిల్డ్ అవగానే ముందు వీల్‌ని విప్పి చూస్తాను. అది ఉత్తి జిప్ ఫైలే. జేసన్, టెంప్లేట్లు, పదాల జాబితాల లాంటి కోడ్ కాని ఫైళ్లన్నీ అందులోకి చేరాయా అన్నది అసలు ప్రశ్న. ఎడిటబుల్ మోడ్‌లో (ప్యాకేజీని కాపీ చేయకుండా మీ ఫోల్డర్‌కే లింక్ చేసే పద్ధతి) పనిచేసేటప్పుడు పైథాన్ వాటిని మీ ఫోల్డర్ నుంచే చదివేస్తుంది కాబట్టి, ప్యాకేజీలో లేకపోయినా మీకు తెలీదు. ఎస్‌డిస్ట్‌లో, అంటే సోర్స్ కోడ్ ప్యాకేజీలో, బాధ ఇంకో రకం, అక్కర్లేనివి దూరతాయి. మా టీమ్‌లో ఒకసారి రహస్య సెట్టింగులు దాచుకునే డాట్ ఎన్వ్ ఫైల్ పాస్‌వర్డ్‌తో సహా అందులో కనిపించింది. అప్‌లోడ్ చేయకముందే చూశాం కాబట్టి బతికిపోయాం.

తర్వాత కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్ సెటప్) ఆ వీల్‌నే ఇన్‌స్టాల్ చేసి, ప్రాజెక్ట్ ఫోల్డర్ బయట టెస్టులు నడపండి. లోపలే ఉంటే ఇంపోర్ట్ మీ లోకల్ కోడ్‌నే పట్టుకునే అవకాశం ఉంది. కోడ్‌ని ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.

తెలుగు డేటా ఉంటే విండోస్‌లో కూడా నడపాల్సిందే. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే, పైథాన్ 3.14 వరకూ విండోస్‌లో సిస్టమ్ ఎన్‌కోడింగే వాడుతుంది. అది ఇంగ్లీష్ విండోస్‌లో మామూలుగా ఉండే 1252 అనే ఎన్‌కోడింగ్ అయితే, పొల్లులోని చివరి బైటుకు అందులో అక్షరమే లేదు. కంప్యూటర్‌లో ఒత్తు పొల్లుతోనే ఏర్పడుతుంది కాబట్టి, ఒత్తు ఉన్న మాట రాగానే డీకోడ్ ఎర్రర్. లినక్స్‌లో అంతా పచ్చగానే కనిపిస్తుంది మరి!

రీడ్‌మీ సరిగ్గా కనిపిస్తుందో లేదో అప్‌లోడ్ టూల్ ట్వైన్‌లోని చెక్ కమాండ్ చెప్పేస్తుంది. ప్రయోగాల కోసమే ఉన్న టెస్ట్‌పైపీఐలో ఒకసారి పెట్టి చూడండి, కానీ మీ డిపెండెన్సీలు అక్కడ ఉండకపోవచ్చు, వాటిని అసలు పైపీఐ నుంచి తెచ్చుకోవాలి. అనుమానంగా ఉంటే 1.0.0ఆర్‌సీ1 లాంటి ప్రీ-రిలీజ్ (అసలు రిలీజ్‌కి ముందు పరీక్షకు ఇచ్చే) వర్షన్ వదలండి. స్థిరమైన వర్షన్ ఒకటి ముందే ఉంటే, ప్రీ ఆప్షన్ ఇవ్వనివాళ్లకు పిప్ దాన్ని ఇవ్వదు. మీది మొదటి రిలీజ్ కాబట్టి ఆర్‌సీ ఒక్కటే ఉన్నన్నాళ్లూ అదే అందరికీ వెళ్తుంది, అది గుర్తుంచుకోండి.

ఇంత టెన్షన్ ఎందుకంటే, పైపీఐలో ఒకసారి ఎక్కిన ఫైల్ పేరు డిలీట్ చేసినా మళ్లీ వాడనివ్వరు. తప్పు దొరికితే 1.0.1 వదిలి, పాతదాన్ని యాంక్ చేయడమే (డిలీట్ చేయకుండా, మామూలుగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు వెళ్లకుండా ఆపడం) దారి. యాంక్ చేసినా, సరిగ్గా ఆ వర్షన్‌నే పిన్ చేసుకున్నవాళ్లకు అది ఇన్‌స్టాల్ అవుతూనే ఉంటుంది. పాస్‌వర్డ్ లాంటిది బయటపడితే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ముందు దాన్ని మార్చేయండి.