పిల్లబాతు, బాతుపిల్ల

సందేహం: చెరువులో తామరాకుల మధ్య పావురం కన్నా కాస్త పొట్టిగా ఒక బాతు కనిపించింది. తల, మెడ తెలుపు. నడినెత్తిన నల్లటోపీ, మెడకు నల్లపట్టీ. ‘పిల్లబాతు’ అని రాస్తే, అది పసిదనుకుంటారనీ ‘కారండవం’ అనే సంస్కృత పక్షిపేరు వాడాలనీ మిత్రుడు దిద్దాడు. ఏది ఒప్పు?

సమాధానం: మీ గుర్తులు జతకట్టే రుతువులోని మగదానివి. ఆడదానికి మెడపట్టీ ఉండదు. ఒళ్లు గోధుమవన్నె, కంటిమీదుగా నల్లగీత. పొడవు సుమారు 26 సెంటీమీటర్లు; బాతుల్లో ఇంత చిన్నవి అరుదు. దీని శాస్త్రనామం నెట్టాపస్ కోరమాండెలియానస్. మన కోరమండల్ తీరమే ఆ పేరులో ఉంది. నీటిపైనే గింజలు, లేతాకులు, పురుగులు ఏరుకు తింటుంది. గుడ్లు మాత్రం చెట్టుతొర్రలో పెడుతుంది. పొదిగిన పిల్లలు అక్కణ్ణుంచి కిందికి దూకేస్తాయి.

ఇక ‘పిల్ల’. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం ప్రాణుల పసితనానికి తొమ్మిది పేర్లు చెప్పి, వాటిలో పార్ప్పు, పిళ్ళై అనే రెంటినీ ఎగిరేవాటికి ఇచ్చింది. ఆ పిళ్ళైకి మన పిల్ల తోబుట్టువు. తెలుగులో ఇది పక్షుల దగ్గరే ఆగలేదు. మేకకు, కుక్కకు, పాముకు పాకి, ఆడబిడ్డకూ పేరైంది. అంతటితోనూ ఊరుకోక సమాసంలో చోటు మార్చుకుంది. వెనకుంటే వయసు చెబుతుంది: కోడిపిల్ల, మేకపిల్ల. ముందుంటే పరిమాణం చెబుతుంది: పిల్లకాలువ, పిల్లదారి, పిల్లగాలి. పిల్లకాలువ ఏనాటికీ ఎదిగి పెద్దకాలువ కాదు. ఆ లెక్కన మీ పిల్లబాతు ఎదిగిన బాతే, ఎదిగినా చిన్నదే. దాని గుడ్డులోంచి వచ్చేది పిల్లబాతుపిల్ల! పలకడం కష్టమేమో గానీ, సమాసానికి ఏ లోటూ లేదు.

అలాగని మీ మిత్రుణ్ణి పూర్తిగా తోసిపుచ్చలేను. కాలువకూ గాలికీ పసితనం లేదు గనుక అక్కడ అర్థం స్థిరం. ప్రాణమున్నదాని ముందు చేరితే ఊగుతుంది. ‘పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ’ అన్నప్పుడు అది లేతకాకే గాని చిన్నజాతి కాకి కాదు కదా!

ఈ తేడా ఇప్పుడు రాసేవాళ్లకు పట్టడం లేదు. శీతాకాలంలో వచ్చే చిన్నజాతి బాతులను చూసి ‘బాతుపిల్లలు వలస వచ్చాయి’ అనేస్తున్నారు. నూగు రాలని పిల్ల ఏ రెక్కలతో వలస వస్తుంది? చూసి రాయాలి. ఒంటినిండా నూగుంటే పిల్ల. ఎగిరేటప్పుడు రెక్కమీద వెడల్పాటి తెల్లపట్టీ మెరిస్తే మీరు చూసిన మగబాతు; మెడపట్టీ పోయే రుతువులోనూ ఆ తెలుపు పోదు.

కారండవాన్ని సంస్కృత నిఘంటువు అమరకోశం మద్గువు, ప్లవం అనే పక్షుల సరసన చేర్చిందే గాని ఆనవాళ్లు చెప్పలేదు. మీ పిట్టకు అంటగట్టకండి. ‘బుల్లిబాతు’ ముద్దుమాట, జాతిపేరుకు చాలదు.

పిల్లబాతు అని విడదీయకుండా రాయండి. మొదటిసారి ‘చిన్నజాతి బాతు’ అన్న వివరణ తగిలించండి. అయితే వెంట పిల్లలు ఈదుతున్న దృశ్యమే రాయాల్సివస్తే ‘పొట్టిబాతు’ మేలనిపిస్తుంది. లేకపోతే తల్లి ఏదో పిల్ల ఏదో చదివేవాడికి తేలదు.