పుట్టుకతో రేచీకటి.. చిట్టెలుకలకు నయమైందట, మా బాబుకూ అవుతుందా?

ప్రశ్న: నమస్కారం డాక్టర్ గారూ. మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. బాబుకు తొమ్మిదేళ్లు. పాకే వయసు నుంచే దీపాలు పెట్టే వేళైతే చాలు, ఎక్కడున్నవాడు అక్కడే కూర్చుండిపోయేవాడు. పగలు మైనస్ 7 అద్దాలతో బాగానే చదువుకుంటాడు. విశాఖలో ఈఆర్‌జీ పరీక్ష చేసి ‘ఎలక్ట్రోనెగెటివ్, కంప్లీట్ సీఎస్ఎన్‌బీ’ అని రాశారు, మందు లేదన్నారు. తెలిసినవాళ్లు చెబితే నాలుగు నెలలుగా రోజూ విటమిన్-ఎ 25 వేల యూనిట్ల గోళీ వేస్తున్నాం, తేడా ఏమీ లేదు. నా తమ్ముడికీ చిన్నప్పటి నుంచి రాత్రిపూట ఇదే ఇబ్బంది. మాది మేనరికం, మా మేనత్త కొడుకే మా ఆయన. అందుకే పిల్లాడికి ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు. చూపు పూర్తిగా పోతుందా? ఈ జబ్బున్న ఎలుకలకు జీన్ థెరపీతో నయమైందని చదివాం. బాబుకు చేయించవచ్చా? నాలుగేళ్ల పాప కూడా ఉంది. తనకూ వస్తుందా?
- ఓ తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ గోళీ ఈ రోజే ఆపేయండి. మీ బాబు వయసు పిల్లలు రోజుకు దాటకూడని విటమిన్-ఎ పరిమితి సుమారు 5,600 యూనిట్లు. మీరు వేస్తున్నది దానికి నాలుగు రెట్ల పైమాటే. ఇది నీళ్లలో కలిసి బయటికి పోయే విటమిన్ కాదు, కాలేయంలో పేరుకుంటుంది. నెలల తరబడి ఇలా వేస్తే తలనొప్పి, వాంతులు, పెదాలు పగలడం, జుట్టు రాలడం, ఎముకల నొప్పులు రావచ్చు. మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగి కంటి నరం ఉబ్బే ప్రమాదమూ ఉంది. ఒకసారి కాలేయ పరీక్ష చేయించండి, కంటి డాక్టరును కంటి నరం కూడా చూడమనండి. తలనొప్పి, వాంతులు ఇప్పటికే ఉంటే రేపటిదాకా ఆగవద్దు. మునగాకు, బొప్పాయి, క్యారెట్ మామూలుగా పెట్టుకోవచ్చు, వాటితో ఈ బెడద లేదు.

రేచీకటి అనగానే విటమిన్-ఎ గుర్తుకు రావడంలో మీ తప్పేమీ లేదు. ఒకప్పుడు మన ఊళ్లలో కనిపించిన రేచీకటిలో చాలా భాగం ఆ లోపం వల్లే. కానీ అది మధ్యలో మొదలవుతుంది, కంటి తెల్లగుడ్డు పొడిబారి నురగలాంటి మచ్చలు పడతాయి, సరైన మోతాదు పడితే రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. మీ బాబుది పాకే వయసు నుంచీ ఒకే తీరుగా ఉంది. రిపోర్టులోని సీఎస్ఎన్‌బీ అంటే ఇదే, పుట్టుకతో వచ్చి పెరగకుండా అలాగే ఉండే రేచీకటి. లోపం ఉన్నది వేరే చోట. అది ఎక్కడో మీ చేతిలోని ఈఆర్‌జీ రిపోర్టే చెబుతోంది. వెలుగు పడినప్పుడు కంట్లో పుట్టే విద్యుత్ సంకేతాలను గ్రాఫుగా గీసే పరీక్ష అది.

కంటి వెనక ఉండే పొర రెటీనాలో వెలుగును పట్టేవి రాడ్ కణాలు, కోన్ కణాలు. రాత్రి చూపు రాడ్లది. ఇవి చీకట్లో ఊరుకోవు. చీకటి ఉన్నంతసేపూ గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదులుతూనే ఉంటాయి. వెలుగు పడగానే దాన్ని తగ్గిస్తాయి. జీడితోటలో కావలివాడు రాత్రంతా డబ్బా కొడుతూ ఉన్నట్టు, ఆ చప్పుడు ఆగినప్పుడే ఊళ్లో వాళ్లు లేచినట్టు అనుకోండి. లేవాల్సింది రాడ్‌ను ఆనుకుని ఉండే బైపోలార్ కణం. దాని కొసల మీద ఎంగ్లూఆర్6 అనే గ్రాహకం ఉంటుంది. గ్లూటమేట్ తగులుతున్నంతసేపూ అది టీఆర్‌పీఎం1 అనే ద్వారాన్ని మూసి ఉంచుతుంది. గ్లూటమేట్ తగ్గగానే ద్వారం తెరుచుకుని, కబురు ముందుకు సాగుతుంది.

ఈఆర్‌జీ గ్రాఫులో మొదట కిందికి దిగే గీత ఏ-వేవ్, అది రాడ్లు, కోన్లు చేసే పని. ఆ వెంటనే పైకి లేచేది బీ-వేవ్, అది బైపోలార్ కణాలది. మామూలు కంటిలో బీ-వేవ్ పెద్దగా ఉంటుంది. ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచాక ఇచ్చే గట్టి ఫ్లాష్‌కు ఏ-వేవ్ సరిగా వచ్చి, బీ-వేవ్ దానికంటే చిన్నదైతే ఎలక్ట్రోనెగెటివ్ అంటారు. అంటే మీ బాబు రాడ్లు వెలుగును పట్టుకుంటున్నాయి. కబురు అందుకోవాల్సిన చోట ద్వారం తెరుచుకోవడం లేదు. రాడ్లలో వెలుగును పట్టే రొడాప్సిన్ అనే పదార్థానికి విటమిన్-ఎ ముడిసరుకు. ఏ-వేవ్ బాగుందంటే అక్కడ కొరత లేదన్నమాట. ఎన్ని గోళీలు వేసినా తేడా రాకపోవడానికి కారణం ఇదే.

మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మీరు చదివిన ఆ చిట్టెలుకలే. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు ఎంగ్లూఆర్6 లేని చిట్టెలుకలను తయారుచేసి చూస్తే వాటికి బీ-వేవ్ రాలేదు. 1998లో అమెరికాలో సహజంగానే బీ-వేవ్ లేకుండా పుట్టిన చిట్టెలుకలు దొరికాయి. ‘బీ-వేవ్ లేదు’ అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలతోనే వాటికి ‘నాబ్’ అని పేరు పెట్టారు. 2000లో మనుషుల్లో ఈ జబ్బుకు కారణమైన ఎన్‌వైఎక్స్ జీన్ తెలిసింది. నాబ్ ఎలుకల్లోనూ అదే జీన్‌లో 85 అక్షరాలు ఎగిరిపోయాయని 2003లో తేలింది. ఆ జీన్ చేసే ప్రొటీన్ లేకపోతే టీఆర్‌పీఎం1 ద్వారం బైపోలార్ కణం కొసన నిలవదని తర్వాత బయటపడింది. గ్రాహకం ఉన్నా ద్వారమే అక్కడ లేదు. జీఆర్ఎం6, టీఆర్‌పీఎం1, జీపీఆర్179, ఎల్ఆర్ఐటీ3 జీన్లలో ఏది దెబ్బతిన్నా మనుషుల్లో ఇదే రకం రేచీకటి వస్తుంది. గ్రాఫు చూసి ఏ జీనో చెప్పలేం.

చూపు పూర్తిగా పోతుందా అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఈ ఎలుకల్లోనే ఉంది. నాబ్ ఎలుకల్లో రాడ్లు చనిపోవు, రెటీనా పొరలు నిలిచే ఉంటాయి. ఆర్‌డీ1 అనే మరో జాతి చిట్టెలుకల్లో పీడీఈ6బీ జీన్ దెబ్బతిని, పుట్టిన మూడు వారాలకే రాడ్లు దాదాపు ఖాళీ అయిపోతాయి. మనుషుల్లో దాని జోడు రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు క్రమంగా కుంచించుకుపోయేది ఆ జబ్బులో. సీఎస్ఎన్‌బీ పేరులోని ‘ఎస్’ అక్షరానికి అర్థం ‘స్థిరంగా ఉండేది’ అని. రాత్రి చూపు ఇప్పుడెంతో తర్వాతా అంతే, చూపు పూర్తిగా పోదు. అయినా ఒక అనుమానం తీర్చుకోవాలి. మగపిల్లల్లో రెటీనా పొరలు విడిపోయే రెటినోస్కీసిస్ అనే జబ్బులోనూ ఎలక్ట్రోనెగెటివ్ గ్రాఫే వస్తుంది. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీయకపోయి ఉంటే తీయించండి. ఐదు నిమిషాల పని. పట్టపగలు పక్కనున్న గడపకు, మంచానికి తగలడం మొదలుపెడితే మాత్రం ఈఆర్‌జీ మళ్లీ చేయించాలి. అప్పుడు ఏ-వేవ్ తగ్గిందా అన్నదే చూడాల్సిన విషయం.

ఇక జీన్ థెరపీ. మీరు చదివింది అబద్ధం కాదు, కానీ సగమే. నాబ్ ఎలుకలకు పుట్టిన రెండో రోజున, హాని చేయని వైరస్‌లో మంచి జీన్ పెట్టి కంట్లోకి ఇంజెక్ట్ చేస్తే బీ-వేవ్ కొంతమేర తిరిగి వచ్చిందని 2015లో ప్రచురించారు. నెల వయసు ఎలుకలకు అదే చేస్తే ఆ ఫలితం రాలేదు. ఎల్ఆర్ఐటీ3 లేని ఎలుకల్లో మాత్రం పెద్దయ్యాక ఇచ్చినా రాత్రి చూపు చాలావరకు తిరిగి వచ్చిందని 2021లో తేలింది. కాబట్టి ఏ జీన్ అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంది. పైగా చిట్టెలుక కన్ను ముందు నుంచి వెనక్కి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, మనది 24. చిట్టెలుక రెటీనాలో వెలుగు పట్టే కణాల్లో నూటికి 97 రాడ్లే, మనకు సూటి చూపునిచ్చే మధ్యభాగం మాక్యులా అనేదే లేదు. మన రెటీనా లోపలి పొర మందం కావడంతో కంట్లోకి ఎక్కించిన వైరస్ బైపోలార్ కణాల దాకా చేరడం కష్టం. మనుషులకు ఈ జబ్బుకు ఆమోదం పొందిన జీన్ చికిత్స ఇప్పటికి లేదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా ఆర్‌పీఈ65 అనే వేరే జీన్ జబ్బుకు, మీ బాబుకు అది పనికిరాదు. డబ్బు తీసుకుని కంట్లో మూలకణాలు ఎక్కిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లవద్దు. ఉన్న పగటి చూపు కూడా పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మేనరికం మాటకు వస్తే, మీ తమ్ముడికీ ఉందంటే ముందుగా అనుమానించాల్సింది ఎన్‌వైఎక్స్. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లి వైపు నుంచి కొడుకులకు దిగుతుంది. అదే అయితే మీరు ఎవరిని చేసుకున్నా బాబుకు ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం ఉండేది. మేనరికానికి ఇందులో పాత్ర లేదు, ఇంట్లో వాళ్లకు ఇది చెప్పండి. పాప వాహకురాలు, అంటే జబ్బు లేకుండా ఆ జీన్ లోపాన్ని మోసే మనిషి, కావచ్చు, కాకపోవచ్చు. అయినా తన రాత్రి చూపు మామూలుగానే ఉంటుంది. పై తరాల్లోనూ మేనరికాలు ఉండి, మిగతా నాలుగు జీన్లలో ఒకటని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు ఆడ, మగ తేడా లేకుండా ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక్క సంగతి ఇప్పుడే చెప్పాలి. ఎన్‌వైఎక్స్ అయితే మీ తమ్ముడి కూతుళ్లందరూ వాహకులే. రేపు మేనమామ కూతురినే బాబుకు చేద్దామనుకుంటే, వాళ్లకు పుట్టే పిల్లల్లో ఆడపిల్లలకు కూడా సగం అవకాశంతో రేచీకటి వస్తుంది.

దీన్ని తేల్చేది జన్యు పరీక్షే. బాబుదీ, మీదీ, మీ తమ్ముడిదీ కొద్దిగా రక్తం తీస్తారు, ఫలితానికి వారాలు పడుతుంది. ఎన్‌వైఎక్స్‌లో కొంత భాగం, జీన్లన్నిటినీ ఒకేసారి చదివే మామూలు ఎక్సోమ్ పరీక్షలో సరిగా చదవడానికి లొంగదు. ‘ఏమీ దొరకలేదు’ అని వస్తే ఆ జీన్‌ను శాంగర్ పద్ధతిలో విడిగా చదివించమని అడగండి. విశాఖ హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో గానీ, హైదరాబాద్‌లో గానీ జన్యు కౌన్సెలింగ్ గురించి అడగవచ్చు.

నిజంగా మన చేతిలో ఉన్నది అద్దాలు. ఈ రకం రేచీకటితో మైనస్ పవర్ ఎక్కువగా ఉండడం మామూలే. ఆరు నెలలకోసారి చుక్కలు వేసి పవర్ చూడాలి. మెల్ల గానీ, ఒక కంటికి చూపు తక్కువగా గానీ ఉంటే బాగున్న కంటిని మూసే కట్టు వైద్యం ఈ వయసులోనే పనిచేస్తుంది, ఆలస్యం చేస్తే పనిచేయదు. పవర్ ఇంత ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి రెటీనా అంచులు కూడా చూపించండి.

రాత్రి సంగతి ఇలా ఉంటుంది. చీకట్లోకి వెళ్లిన మొదటి పది నిమిషాల్లో కోన్లు సర్దుకుంటాయి, బాబుకు అంతవరకూ మనలాగే కనిపిస్తుంది. ఆ తర్వాత అరగంటలో రాడ్లు మనకిచ్చే మెరుగు వాడికి రాదు. ‘కాసేపు ఉంటే కనపడుతుందిలే’ అని వాడిని చీకట్లో నిలబెట్టొద్దు. తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు కొనండి. వెలుగు ఒకే చుక్కగా కాక వెడల్పుగా పడేది చూసుకోండి. గుమ్మం, మెట్ల అంచులకు తెల్ల రంగు పట్టీ వేయండి. ఉద్దానం తోటల్లో పాముల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దుగూకాక చెప్పులు, లైటు లేకుండా పెరట్లోకి పంపకండి. తుపాను రోజుల్లో కరెంటు పోతుంది కాబట్టి ఛార్జింగ్ బల్బు ఒకటి వాడి మంచం దగ్గరే ఉండాలి. బడిలో ముందు బెంచీ అడగండి. ప్రొజెక్టరు కోసం గది చీకటి చేసినప్పుడు వాడికి పుస్తకం కనిపించదని టీచరుకు చెప్పాలి.

మన జిల్లాల కుర్రాళ్లలో ఆర్మీకి, రైల్వేకి పరుగులు తీసేవాళ్లు చాలామంది. ఆర్మీ మెడికల్‌లో, రైల్వేలో రైలు నడిపే ఉద్యోగాల మెడికల్‌లో రాత్రి చూపు అడ్డొస్తుంది. పదో తరగతికి ముందే వాడికి ఇది తెలియడం మేలు. చదువుకు, పగటి ఉద్యోగాలకు అడ్డేమీ లేదు. రాత్రి బండి నడపడం మాత్రం ఎప్పటికీ వద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులో చివరి వాక్యం ఉన్న కాగితం ఒక్కటే తీసుకెళ్లకండి. గీతలున్న పేజీ కూడా కావాలి. ఏ-వేవ్, బీ-వేవ్ కొలతలు అందులోనే ఉంటాయి. తర్వాతి పరీక్షను దానితోనే పోల్చాలి.