ఇంజిన్ మౌంటింగ్ రబ్బరును ఇంట్లో మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా కారు నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. కొని పదేళ్లు దాటింది. కొంతకాలంగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముఖ్యంగా ఏసీ వేసి ఉంటే, స్టీరింగూ సీటూ అదురుతున్నాయి. మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు ముందు భాగం నుంచి ‘ఠక్’మని శబ్దం వస్తోంది. మెకానిక్ చూసి, ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు పోయాయనీ, మూడూ మార్చాలనీ అన్నారు. ఆయిలు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. ఈ పని కూడా ఇంటి దగ్గర చేసుకోవచ్చా? మూడూ మార్చవలసిందేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేసుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు మార్చిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసిన విద్య పెద్దగా లేదు. అయితే ఇక్కడ గేర్‌బాక్సుతో కలిపి 100 కిలోలకు పైగా ఉండే బరువును కాసేపు జాకీ మీద నిలపవలసి ఉంటుంది కనుక, ఆ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

ముందు మూడింటిలో ఏది పోయిందో తేల్చుకోండి. మీ తరహా కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. సాధారణంగా ఒక మౌంటింగ్ ఇంజిన్ పక్కన, రెండోది బ్యాటరీ ట్రే కింద గేర్‌బాక్స్ పక్కన ఉండి బరువును మోస్తాయి. మూడోది అడుగున, వెనకవైపు టార్క్ రాడ్ రూపంలో ఉండి ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టుకుంటుంది. క్లచ్ వదిలినప్పుడు వచ్చే ‘ఠక్’ శబ్దానికి చాలావరకు ఈ మూడోదే కారణం. ఆగి ఉన్నప్పటి అదురు మాత్రం మొదటి రెండింటిలో ఏదో ఒకటి కుంగిందని సూచిస్తుంది. అందువల్ల చూడకుండానే మూడూ మార్చాలన్న మాటను నేను అంగీకరించను.

అదురుకు ఇంకో కారణం కూడా ఉండవచ్చు. నిమిషానికి 750 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 25 సార్లు ఇంధనం మండుతుంది. రబ్బరు బాగుంటే ఆ 25 కుదుపులూ బాడీకి చేరకముందే చాలావరకు అణగిపోతాయి, రబ్బరు చస్తే ఎడతెగని సన్నని అదురుగా లోపలికి వస్తాయి. అదురు అలా ఒకే తీరుగా కాకుండా, మధ్యమధ్య ఇంజిన్ తడబడినట్లు వస్తే లోపం ప్లగ్గులోనో, కాయిల్‌లోనో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీలో మురికి పట్టడంలోనో ఉండవచ్చు. ముందు వాటిని చూసుకోకుండా మౌంటింగ్ కొంటే డబ్బు వృథా.

పరీక్ష ఇలా చేయండి. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, అనుభవం ఉన్న మరొకరిని సీట్లో కూర్చోబెట్టండి. వారు కాలి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, మొదటి గేరులో క్లచ్‌ను ఇంజిన్ శబ్దం కాస్త మారేంతవరకే వదలాలి. తరువాత రివర్సులో కూడా అలాగే. మీరు పక్కన నిలబడి చూడండి. బండికి ముందు గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు. ఇంజిన్ కొద్దిగా ఒరగడం సహజమే. ఎగిరి పడినట్లు కదిలి, చివరన దెబ్బ వినిపిస్తే ఆ వైపు మౌంటింగ్ పనైపోయింది.

తరువాత ఇంజిన్ ఆపి, చల్లారాక టార్చి వేసి రబ్బరును దగ్గరగా చూడండి. పైపొర మీద వెంట్రుకల్లాంటి బీటలు వయసుతో వస్తాయి, వాటి గురించి కంగారు పడనక్కరలేదు. రబ్బరు లోహం నుంచి ఊడి మధ్యలో నల్లని సందు కనిపించినా, నడిమి లోహపు దిమ్మ కుంగి కింది అంచును తాకుతున్నా మార్చవలసిందే. లోపల ద్రవం ఉండే రకమైతే కింద జిడ్డు చార కనిపిస్తుంది. రబ్బరు ఉబ్బి మెత్తబడి వేలికి నల్లగా అంటుకుంటోందంటే మాత్రం పైనుంచి ఇంజిన్ ఆయిలు కారుతోందని అర్థం. సహజ రబ్బరు పదేపదే సాగినా త్వరగా అలసిపోదు, అందుకే దాన్ని ఇందులో వాడతారు. కానీ ఆయిలును అది పీల్చుకుని పాడవుతుంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత కింది సీలు) కారుతుంటే ముందు దాన్ని మార్చండి, లేకపోతే కొత్త మౌంటింగుకూ అదే గతి పడుతుంది.

ఇక పని. బండిని గట్టి, సమతలమైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు వేయండి. ఇంజిన్ వైపు మౌంటింగ్ అయితే ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) కింద, గేర్‌బాక్స్ వైపుదైతే గేర్‌బాక్స్ కింద, వెడల్పాటి మందపు చెక్క పెట్టి, దాని మీదే హైడ్రాలిక్ జాకీ తల ఆనించండి. చెక్క లేకుండా జాకీని నేరుగా చాంబరుకు ఆనిస్తే రేకు సొట్ట పోతుంది. లోపల ఆయిలు పీల్చే జల్లెడ అడుగుకు చాలా దగ్గరగా ఉంటుంది కనుక, ఆ చిన్న సొట్ట వల్ల ఇంజిన్‌కు ఆయిలు అందకుండా పోయే ప్రమాదం ఉంది. జాకీ మోయవలసింది ఇంజిన్ బరువును మాత్రమే, బండిని కాదు. బోల్టు చేతికి తేలికగా తిరగడం మొదలైందంటే ఎత్తు సరిపోయినట్లే. అంతకు మించి ఎత్తితే ఏసీ పైపులు, వైర్లు, సైలెన్సర్ గొట్టం లాగుకుంటాయి.

విప్పే ముందు బ్రాకెట్ అంచుల వెంట తెల్ల పెయింటుతో గీత గీసి పెట్టుకోండి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి, సరైన సాకెట్‌తో గానీ రింగు పానాతో గానీ విప్పండి. కొలత సరిగా లేని పానా వాడితే బోల్టు తల అరిగిపోతుంది. ఒకసారికి ఒక్క మౌంటింగే విప్పాలి. కొత్తది పెట్టి, బోల్టులన్నిటినీ మొదటి కొన్ని చుట్లు వేళ్లతోనే తిప్పండి. అల్యూమినియం బ్రాకెట్‌లో మర చెడిందంటే మౌంటింగ్ ఖరీదుకు మించిన ఖర్చు వచ్చి పడుతుంది.

ఇంట్లో చేసేవారే కాదు, షెడ్డుల్లో చేసేవారు కూడా ఎక్కువగా వదిలేసే మెట్టు ఇక్కడే ఉంది. జాకీ మీద ఇంజిన్ ఉండగా బోల్టులను చివరికంటా బిగించకూడదు. ఆ స్థితిలో ఇంజిన్ తన అసలు చోటుకన్నా కాస్త పైకో పక్కకో ఉంటుంది. అప్పుడే బిగించేస్తే జాకీ దించగానే రబ్బరు మెలిపడి, ఇక ఎప్పటికీ ఆ మెలితోనే ఉండిపోతుంది. బోల్టులను ఊడకుండా ఉండేంత మాత్రమే పట్టించి, జాకీని నెమ్మదిగా దించి, ఇంజిన్‌ను చేతులతో ముందుకూ వెనక్కూ ఊపి సర్దుకోనివ్వండి. తరువాత మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన న్యూటన్ మీటర్ల విలువకు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించండి. ఆ విలువ బోల్టు బోల్టుకూ మారుతుంది, అందుకే నేను ఇక్కడ అంకె ఇవ్వడం లేదు.

టార్క్ రాడ్ బరువు మోయదు కాబట్టి దాన్ని మార్చడం తేలిక, కానీ బండి కిందికి దూరాలి. కారుతో పాటు వచ్చే జాకీని నమ్ముకుని గానీ, ఇటుకలు పేర్చి గానీ కిందికి వెళ్లవద్దు. బాడీని జాక్ స్టాండ్ల మీద నిలిపి, అదనపు జాగ్రత్తగా స్టెప్నీ చక్రాన్ని కూడా కింద పడుకోబెట్టండి. రాడ్ బోల్టులను కూడా ఇంజిన్ తన సహజ స్థితిలో ఉన్నప్పుడే, అన్నిటికన్నా చివర బిగించాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నేనైతే ముందు టార్క్ రాడ్, ఆపై కుంగిన పక్క మౌంటింగ్ మారుస్తాను. మిగిలిన ఒక్కటి చూపుకు బాగుంటే ఉంచేస్తాను.

ప్రశ్న: షెడ్డులో ఇంజిన్ వైపు మౌంటింగ్ మార్పించాను. అదురు తగ్గకపోగా రెట్టింపైంది. కొత్తది కదా, అలవాటు పడుతుందని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొత్త రబ్బరు మొదట్లో కాస్త బిరుసుగా ఉండే మాట నిజమే గాని, అదురు రెట్టింపు కావడానికి అది కారణం కాదు. పైన చెప్పినట్లు జాకీ మీద ఉండగానే బిగించారేమో అడగండి. ఇంజిన్ ఆపి ఉంచి, ఆ మౌంటింగ్ బోల్టులనూ టార్క్ రాడ్ బోల్టులనూ ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయించి, ఇంజిన్‌ను చేతులతో ఊపి, మళ్లీ కొలత ప్రకారం బిగిస్తే చాలాసార్లు అదురు అక్కడికక్కడే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే సైలెన్సర్ గొట్టం గానీ బ్రాకెట్ గానీ బాడీకి తగులుతోందేమో చూడాలి. ఆ తరువాతే వస్తువు నాసిరకమా అన్న అనుమానం. గట్టి రబ్బరుతో పోసిన చవక రకాలు చూడటానికి అచ్చం కంపెనీ వస్తువులాగే ఉంటాయి, పెట్టె మీది పార్ట్ నంబరును మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరుతో పోల్చుకోండి.

ప్రశ్న: పగిలిన మౌంటింగులో టైరు ముక్కలు గానీ, గట్టి సీలెంటు గానీ నింపితే సరిపోతుందని విన్నాను. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు. ‘ఠక్’ శబ్దం ఆగుతుంది, అందుకే ఆ పద్ధతి ప్రచారంలో ఉంది. కానీ అందులోని ఖాళీలు వదిలేసినవి కావు. ఇంజిన్ కొంత దూరం మెత్తగా కదలడానికి లెక్కకట్టి ఉంచినవి. 1931లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో ప్లిమత్ కార్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను రబ్బరు మీద కూర్చోబెట్టింది కూడా ఆ మెత్తదనం కోసమే. దాన్ని పూడ్చేస్తే కుదుపంతా బాడీకీ బ్రాకెట్లకూ చేరుతుంది, లోహం నుంచి ఊడిన రబ్బరు మాత్రం అతుక్కోదు. కొత్తది దొరికేవరకు బండి తీయక తప్పకపోతే గేరు మార్పులు నెమ్మదిగా చేస్తూ, దూర ప్రయాణాలు మానుకోండి.