అద్భుతాలు జరిగాయంటే కాథలిక్ మతం నిజమైనట్టేనా?

ఫ్రాన్స్‌లోని లూర్దులో డాక్టర్లకే అంతుపట్టని స్వస్థతలు జరిగాయి కదా, అవి కాథలిక్ మతానికి సాక్ష్యం కావా అని అడిగారు. నేను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబంలో పుట్టాను, ఇప్పటికీ ఆదివారం పూజకు వెళ్తాను. అయినా చాలవనే అంటాను.

లూర్దు వాళ్లు దేన్నీ తేలిగ్గా నమ్మరు, అది ఒప్పుకోవాలి. 1858లో బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమాత కనిపించిందని చెప్పే ఊరది. 1883 నుంచి అక్కడ డాక్టర్ల ఆఫీసు నడుస్తోంది. జబ్బు నిజంగా తీవ్రమైనదేనా, మందులతో తగ్గిందా, ఉన్నట్టుండి పూర్తిగా తగ్గిందా, మళ్లీ తిరగబెట్టిందా అని ఏళ్ల తరబడి చూస్తారు. 7,000కు పైగా కేసులు నమోదైతే చర్చి అద్భుతాలని ఒప్పుకున్నవి 70 పైచిలుకు మాత్రమే. మన దగ్గర స్వస్థత సభల్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేవాళ్లను రిపోర్టులు అడిగే నాథుడే ఉండడు.

కానీ ఆ డాక్టర్లు తేల్చేది "మాకు తెలిసిన వైద్యంతో దీన్ని వివరించలేం" అన్నంతవరకే. అది దేవుడి పనే అని ప్రకటించేది బిషప్ గారు. మొదటిది పరిశీలన, రెండోది విశ్వాసం.

పరిశీలన దగ్గర కూడా గొడవలు లేకపోలేదు. మదర్ థెరిసాను 2003లో ధన్యురాలిగా (పునీతురాలు కావడానికి ముందు మెట్టు) ప్రకటించడానికి ఆధారమైన మోనికా బెస్రా కేసే చూడండి. 1998లో, మదర్ చనిపోయి సరిగ్గా ఏడాదైన రోజున, పొట్టమీద పతకం పెట్టి ప్రార్థిస్తే గడ్డ మాయమైందని ఆమె చెప్పింది. వాటికన్ డాక్టర్లు వివరణ లేదన్నారు. పశ్చిమ బెంగాల్‌లోని బాలూర్‌ఘాట్‌లో ఆమెకు వైద్యం చేసిన డాక్టరేమో అది టీబీ గడ్డ అనీ, మందులకే తగ్గిందనీ అన్నాడు.

సరే, అన్నీ నిజమే అనుకుందాం. అప్పుడు నాకు విజయవాడలో కొండమీదున్న గుణదల మరియమాత క్షేత్రం గుర్తొస్తుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లకు వెళ్తే కొండ కింద తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో హిందువులు బోలెడుమంది. మా పక్కింటివాళ్లు లేకలేక పుట్టిన పిల్లాడికి అక్కడే గుండు చేయించారు. ఆ ఏడాదే తిరుపతి మొక్కు కూడా తీర్చుకున్నారు. పిల్లాడు ఎవరి చలవని అడిగితే, "ఇద్దరికీ దండం పెట్టాంగా" అంది ఆవిడ. పోనీ పెంతెకొస్తు బంధువులను అడగండి, మరియమాత ఊసే లేకుండా ఇంతకంటే పెద్ద స్వస్థతలు చెబుతారు. ప్రతి చోటా జరిగేదాన్ని మన ఒక్క చర్చి ఖాతాలో ఎలా రాసుకుంటాం?

చర్చి కూడా వీటిమీద అంత బరువు పెట్టదు. 1870లో మొదటి వాటికన్ మహాసభ (కాథలిక్ బిషప్పుల సభ) అద్భుతాలను దైవప్రకటనకు, అంటే దేవుడు తనను తాను తెలియజేసుకోవడానికి, గుర్తులంది, నిజమే. కానీ లూర్దు దర్శనాలను నమ్మి తీరాలని ఏ కాథలిక్కునూ కట్టడి చేయదు. 2024లో వాటికన్ తెచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, దర్శనాల్లాంటివి జరిగాయన్నప్పుడు బిషప్ గారు మామూలుగా "అభ్యంతరం లేదు" అనే అంటారు, దైవికమని ముద్ర వేయరు.

మీరు నిజంగా తేల్చుకోవాలనుకుంటే లూర్దు ఫైళ్లు పక్కన పెట్టి, క్రీస్తు తిరిగి లేచాడా అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని బైబిల్లో అపొస్తలుడు పౌలే కొరింథీయులకు రాశాడు.