పరిశ్రమ, పీసీబీ, ఊరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరికి దగ్గరలో మందుల ముడిసరుకు తయారుచేసే పరిశ్రమ ఉంది. పెద్ద వాన పడ్డప్పుడల్లా వాగు నీళ్లు రంగు మారి ఘాటు వాసన వస్తున్నాయి. ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి చూసి పోతున్నారు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అసలు ఎవరి మాట వింటుంది? ప్రభుత్వానిదా, పరిశ్రమదా, మాదా?
– ఒక రైతు, చిట్యాల మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ముగ్గురి మాటా వినవలసిన విధంగానే చట్టం ఆ మండలిని ఏర్పాటు చేసింది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం మండలిలో ప్రభుత్వ అధికారులతో పాటు స్థానిక సంస్థల సభ్యులకు, వ్యవసాయం, మత్స్య రంగం, పరిశ్రమలు, వాణిజ్యం వంటి రంగాల ప్రతినిధులకు కూడా చోటు ఉంది. అయితే సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడి ఉండాలని అదే చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది. పైగా పరిశ్రమలు అనుమతుల కోసం కట్టే రుసుములు మండలి ఆదాయంలో ముఖ్యమైన భాగం. కాబట్టి మీ అనుమానం ఆధారం లేనిదని నేను అనను.

అలాగని మండలి ఎన్నడూ ఎదురు నిలబడలేదని కూడా అనలేము. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నుంచి ఉత్పత్తులు తయారుచేసే ఒక పరిశ్రమ పెట్టబోతే, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల అటువంటివి ఉండరాదన్న ఉత్తర్వును చూపి నాటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. ప్రభుత్వం ఆ పరిశ్రమకు మినహాయింపు ఇచ్చినా, అప్పీలు విన్న అధికార సంస్థ పరిశ్రమ వైపే తీర్పు చెప్పినా, మండలి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 డిసెంబరులో కోర్టు ఆ మినహాయింపు చెల్లదని తేల్చింది. లక్షల మంది తాగే నీటి విషయంలో, హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టేవారి మీదే ఉంటుందని ఆ వ్యాజ్యంలో కోర్టు చెప్పిన మాట మీ వాగుకూ పనికివస్తుంది.

ఇక మీరు చేయవలసిన పని. మండలి బలమంతా అది ఇచ్చే అనుమతి పత్రాల్లోని షరతుల్లో ఉంది. పరిశ్రమ కట్టడానికి ముందు ఒకటి, నడపడానికి ముందు మరొకటి, సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అని రెండు అనుమతులు తీసుకోవాలి. రోజుకు ఎంత నీరు వాడాలి, ఎంత వ్యర్థజలం వస్తుంది, దాన్ని లోపలే శుద్ధి చేసి తిరిగి వాడాలా లేక ట్యాంకర్లలో ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలా, ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడికి చేరాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ షరతులు తెలియకుండా "నీళ్లు పాడైనాయి" అని రాసే ఫిర్యాదుకూ, "వ్యర్థజలం ఆవరణ దాటరాదని మీరే షరతు పెట్టారు, ఫలానా తేదీ రాత్రి ప్రహరీ వెనక కాలువలోంచి వాగులోకి వచ్చింది" అని రాసే ఫిర్యాదుకూ చాలా తేడా ఉంది. రెండోదానికి అధికారి కాగితం మీద జవాబు చెప్పక తప్పదు.

ఆ షరతుల రిజిస్టరును మండలి నిర్వహించాలని, ప్రభావితులైన ఎవరైనా పనివేళల్లో దాన్ని చూడవచ్చని జల చట్టంలోని 25వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. నల్లగొండలోని ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. సీఎఫ్ఈ, సీఎఫ్ఓలు కాక విడిగా పర్యావరణ అనుమతి కూడా పొందిన పరిశ్రమ అయితే షరతుల అమలుపై ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి, అది కూడా ప్రజలు చూడదగిన పత్రమే. మన ఊళ్లలో ఈ కాగితాలు అడిగినవారు బహు తక్కువ. గ్రామపంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి ఉంచుకుంటే సర్పంచులు మారినా ఊరి చేతిలో ఆధారం మిగులుతుంది.

మీరు సీసాలో పట్టిన వాగు నీరు మండలిని కదిలించడానికి పనికివస్తుంది కానీ, కోర్టులో చెల్లే నమూనా కాదు. ఆ నమూనాను మండలి అధికారే పరిశ్రమవారికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు చేయించి తీసుకోవాలి. అందుకే ఫోటో మీద తేదీ, సమయం ఉండేటట్లు చూసుకొని వెంటనే కబురు చేయడం ముఖ్యం. రెండు రోజుల తరువాత వచ్చే అధికారికి కొత్త నీరు తప్ప మరేమీ కనిపించదు.

పరిశ్రమతో మండలి వ్యవహరించే తీరు గురించి కూడా కొంత చెప్పాలి. నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, గడువు పెట్టి సరిదిద్దించడం దాని మామూలు పద్ధతి. మిర్యాలగూడలోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లు వడ్లు నానబెట్టిన నీటిని శుద్ధి చేసుకోవడానికి కొన్ని నెలలు అడిగితే ఇవ్వడం న్యాయమే, ఎందుకంటే మిల్లు మూతపడితే ముందుగా నష్టపోయేది హమాలీలు. కానీ విషపూరిత ద్రావకాలను రాత్రిపూట వాగులోకి వదిలే చోట గడువు మీద గడువు ఇవ్వడాన్ని నేను సహకారమని అనలేను. అటువంటప్పుడు పరిశ్రమను మూసివేయమని, కరెంటు, నీరు ఆపమని ఆదేశించే అధికారం జల చట్టంలోని 33ఏ సెక్షన్ కింద మండలికి ఉంది. అయినా కదలిక లేకపోతే పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ మండల ధర్మాసనానికి వెళ్లవచ్చు. వివాదానికి కారణం మొదలైన నాటి నుంచి ఆరు నెలల లోపు వెళ్లాలన్నది మరువకండి.

ప్రశ్న: మా దగ్గర ఇథనాల్ పరిశ్రమ పెడుతున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ జరపకుండానే అనుమతి ఎట్లా వచ్చింది?
– ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రం ఇచ్చిన 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన, మండలి ఏర్పాట్లతో బహిరంగ విచారణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, ఆ ప్రభావ అంచనా నివేదిక సారాంశాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి, చెప్పిన మాటలన్నీ రాసి సభలోనే చదివి వినిపించాలి. అంతకుముందు నిబంధనల కింద కూడా, నల్లగొండ జిల్లా పెద్దగట్టు యురేనియం గనులపై 2003లో జరిగిన విచారణలో అక్కడి తండాల వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ గనులు నేటికీ మొదలుకాలేదు.

అయితే పెట్రోలులో కలపడానికి మాత్రమే ధాన్యం నుంచి ఇథనాల్ తయారుచేస్తూ, వ్యర్థజలాన్ని బయటికి వదలబోమనే పరిశ్రమలను కేంద్రం 2021 జూన్‌లో బీ2 తరగతిలో చేర్చింది. ఆ తరగతికి బహిరంగ విచారణ ఉండదు. ఇది సరైన నిర్ణయం కాదని నా అభిప్రాయం. నారాయణపేట, గద్వాల జిల్లాల్లో రైతులు రోడ్డెక్కడానికి, తమ భూమి పక్కన ఏమి వస్తున్నదో ముందుగా ఎవరూ చెప్పకపోవడమే పెద్ద కారణం. మీకు మిగిలిన మార్గాలు రెండు. గ్రామసభ తీర్మానంతో రాతపూర్వక అభ్యంతరాన్ని, సీఎఫ్ఈ ఇచ్చేలోపే మండలికి చేర్చడం ఒకటి. పర్యావరణ అనుమతి మీద 30 రోజుల లోపు హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేయడం మరొకటి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ అనుమతించవచ్చు.

ప్రశ్న: మా బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్యాక్టరీ వల్లేనా?
– ఒక విద్యార్థి, మర్రిగూడ మండలం

జవాబు: మీ ప్రాంతపు ఫ్లోరైడ్ ప్రధానంగా నేల కింది గ్రానైటు రాతి నుంచి నీటిలోకి దిగుతున్నది. ఫ్యాక్టరీలు రాక ముందు నుంచే మీ పెద్దలు దానితో బాధపడ్డారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండటం మంచిది, మరో నీరు దొరకని చోట 1.5 వరకు గరిష్ఠ పరిమితి. పరిశ్రమ మీద అనుమానం ఉంటే ఫ్లోరైడ్ ఒక్కటే పరీక్ష చేయించి ఫిర్యాదు చేయకండి, ఆ ఫిర్యాదు నిలబడదు. నీటిలో కరిగిన లవణాలు, సీఓడీ (నీటిలోని కాలుష్య పదార్థాల మోతాదును తెలిపే కొలత) కూడా పరీక్షించమని అడగండి. పరిశ్రమకు ఎగువన ఉన్న ఒక బోరు నీటినీ దిగువన ఉన్న మరొక బోరు నీటినీ ఒకే రోజు తీయించి, రెండు ఫలితాలనూ ఫిర్యాదుకు జతచేయండి.