నేను పంపని మెసేజ్ నా పేరుతో ఎలా వెళ్లింది?

ప్రశ్న: రుషికొండలో ఐటీ ఉద్యోగం నాది. ఆఫీసులో టీమ్ అంతా మాట్లాడుకోవడానికి స్లాక్ అనే మెసేజింగ్ యాప్ వాడతాం. పోయిన నెల ఒక ఆదివారం పిల్లలతో భీమిలి బీచ్‌లో ఉండగా, ‘ఈ వారం పనులన్నీ పూర్తయ్యాయి’ అని టీమ్ ఛానెల్‌లో నా పేరు, ఫొటోతో మెసేజ్ పడింది. నిజానికి రెండు పనులు పెండింగ్‌లో ఉన్నాయి. టెన్షన్‌తో వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. మళ్లీ ఆదివారం అదే టైమ్‌కి ఇంకోటి వెళ్లింది. హ్యాక్ అయిందంటారా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: హ్యాకింగ్‌లా లేదు. ప్రతి వారం ఒకే టైమ్‌కి వెళ్తోందంటే ఎప్పుడో సెట్ చేసిన ప్రోగ్రామ్ పనే అయ్యుంటుంది. ముందు స్లాక్‌లో షెడ్యూల్ చేసిన మెసేజ్‌లు చూడండి. అక్కడ లేకపోతే, మీ అకౌంట్‌కి కలిపిన ఏదో యాప్ పంపుతున్నట్టే.

టాస్క్‌లు రాసుకునే యాప్‌నో, క్యాలెండర్‌నో స్లాక్‌కి కలిపేటప్పుడు అనుమతుల పేజీ ఒకటి వస్తుంది. కింద ‘అలౌ’ బటన్ ఉంటుంది. పని తొందరలో అందరం దాన్ని నొక్కేస్తాం. పైనున్న వరుసల్లో ‘మీ తరఫున మెసేజ్‌లు పంపడం’ అనేది ఉందా లేదా అన్నదే కీలకం. లేకపోతే యాప్ తన సొంత బాట్ (దానంతటదే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) పేరుతో పంపుతుంది, పేరు పక్కన ‘యాప్’ అనే చిన్న గుర్తు కనిపిస్తుంది. ఉంటే మాత్రం స్లాక్ ఆ యాప్‌కి మీ పేరు మీద యూజర్ టోకెన్, అంటే ఒక డిజిటల్ తాళంచెవి, ఇస్తుంది. దాంతో పంపిన మెసేజ్ మీరే టైప్ చేసినట్టు పడుతుంది. టోకెన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. ఇంటి తాళం మార్చినా పక్కింట్లో ఇచ్చిన గేటు తాళంచెవి పనిచేస్తూనే ఉంటుంది కదా, అలాగన్నమాట.

స్లాక్ యాప్‌ల మేనేజ్‌మెంట్ పేజీలో ఆ యాప్ తెరిచి, మీరిచ్చిన అనుమతిని రద్దు చేయండి. మీకు ఆ వీలు కనిపించకపోతే ఆఫీసు అడ్మిన్ చేయగలరు. ఆ యాప్‌లోకి కూడా వెళ్లి, వారం వారం రిపోర్టు పంపే ఆటోమేషన్‌ను ఆపేయండి.

ఇలాంటి టూల్స్ తయారుచేసే మన విశాఖ కుర్రాళ్లకు ఒక మాట. రిపోర్టులు, రిమైండర్లు యూజర్ టోకెన్‌తో కాకుండా, బాట్ పేరుతో పంపే బాట్ టోకెన్‌తోనే పంపండి. రెండు రకాల టోకెన్లకూ అడిగే అనుమతి పేరు ‘చాట్ రైట్’ (chat:write) ఒకటే కాబట్టి ఒకదానికి బదులు ఇంకోటి వాడే పొరపాటు సులువు. మనిషి పేరుతో వెళ్లే మాటకు ఆ మనిషే జవాబుదారీ అవుతారు, ఆ మనిషికి తెలియకుండా పంపడం నా దృష్టిలో తప్పే.

మీ మేనేజర్‌కి ఈ రోజే విషయం చెప్పండి. ఆ రెండు పనులూ పూర్తయ్యాయనే ఆయన అనుకుంటూ ఉండొచ్చు.